జబ్బుతో ఫౌజు నుంచి వచ్చినవారి పెన్షన్
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధంలో తూటా తగిలినవాడికి పెన్షన్ అంటే అందరికీ అర్థమవుతుంది. ఫిట్స్‌తోనో, మతి చెదిరో ఫౌజు నుంచి ఇంటికొచ్చినవాడి సంగతే ఎవరికీ పట్టదు. "ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసులో ముదిరిందీ కాదు" అని ఒక కాగితం వస్తుంది. నసీబు అనుకుని దాన్ని ట్రంకు పెట్టెలో పడేస్తారు. నా మనవి ఆ కాగితం గురించే.

ధరంవీర్ సింగ్ అనే జవాను 1985లో సైన్యంలో చేరాడు. ఫిట్స్ వస్తున్నాయని, వైకల్యం 20 శాతమని 1994లో ఇంటికి పంపేశారు. అది శరీర తత్వం వల్ల వచ్చిన జబ్బని మెడికల్ బోర్డు రాసింది. పెన్షన్ లేదన్నారు. 2013లో సుప్రీంకోర్టు ఏమన్నది? చేర్చుకునేనాడు డాక్టర్లు పరీక్ష చేసే గదా తీసుకున్నారు! ఆనాటి కాగితాల్లో ఆ జబ్బు రాసి లేకపోతే మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల కాదని రుజువు చేయవలసింది ప్రభుత్వమే, జవాను కాదు. కారణం చూపకుండా బోర్డు కాదంటే సరిపోదు. ఈ మాట ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా గుర్తుంచుకోవాలి. ట్రంకు పెట్టె తాళం వాళ్ళ దగ్గరే వుంటుంది మరి.

ఇంకొకటి. 20 శాతం నుంచి 50 లోపు వున్న వైకల్యాన్ని 50గా లెక్కకట్టే సదుపాయం, పూర్తికాలం చేసి రిటైరైనవారికి కూడా వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తేలింది. 2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికొచ్చినవారికి మాత్రం నిబంధనలు వేరు. వాళ్ళు ఆ కొత్తవే చదివి అడగాలి.

ఆలస్యం వల్ల నష్టం ఎంతో చూడండి. తర్సేమ్ సింగ్ 1983లో ఇంటికొచ్చి 1999లో కోర్టుకెక్కాడు. పెన్షన్ హక్కు నిలిచింది. పాత బకాయి మాత్రం, 2008 తీర్పులో, కేసు వేయడానికి ముందు మూడేళ్ళకే పరిమితమైంది. మిగతా ఏళ్ళ డబ్బు పోయినట్టే గదా!

డిశ్చార్జి బుక్కు, తిరస్కరించిన కాగితం, మెడికల్ బోర్డు నకలు తీసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. బోర్డు నకలు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. ముందు అప్పీలు, అక్కడా కాదంటే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలూ దాని చెన్నై బెంచి కిందికే వస్తాయి. ఒరిజినల్ కాగితాలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. జిరాక్సులే ఇవ్వండి.