బీపీ గడి ఖాళీగా ఉంటే ఊరుకోవద్దు
(సీలేరులో మాట్లాడిన మాటల పాఠం)



ఈరోజు పట్టాల గురించి కాదు, కడుపుతో ఉన్న మన అక్కచెల్లెళ్ల బీపీ గురించి మాట్లాడతాను. ఇది ఉద్యమం విషయం కాదనుకోకండి. బతికే హక్కు కంటే పెద్ద హక్కు ఏముంది?

ఏడో నెలలో కాళ్లు, మొహం వాస్తాయి. "కడుపుతో ఉంటే వాపులు మామూలే" అంటాం. తలనొప్పి వస్తుంది, చూపు మసకబారుతుంది. "ఎండలో పని చేసింది కదా" అంటాం. చివరికి ఫిట్స్ వస్తే "గాలి సోకింది" అంటాం. అది గాలి కాకపోవచ్చు, బీపీ కావచ్చు.

బిడ్డకు తిండి, ప్రాణవాయువు అందించేది మాయ. తొలి నెలల్లో అది గర్భసంచి రక్తనాళాల్లోకి వేళ్లు దింపి వాటిని వెడల్పు చేయాలి. అలా జరగకపోతే మాయకు రక్తం చాలదు. అప్పుడది తల్లి రక్తంలోకి వదిలే పదార్థాలు ఒళ్లంతా రక్తనాళాల్ని దెబ్బతీస్తాయి. బీపీ 140/90 దాటుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది, బిడ్డ సరిగ్గా ఎదగదు. ఒక్కోసారి కాన్పుకు ముందే మాయ ఊడిపోతుంది. పొట్ట రాయిలా గట్టిపడుతుంది. రక్తం లోపలే ఉండిపోయి బయటికి కనపడకపోవచ్చు కూడా. అసలే రక్తం తక్కువున్న తల్లి దాన్నెలా తట్టుకుంటుంది?

జబ్బు ముదిరితే రక్తమే చెబుతుంది. ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గినా, క్రియాటినిన్ 1.1 దాటినా, లివర్ ఎంజైములు రెండింతలైనా ప్రమాదమే. పెద్ద ల్యాబుల్లో మాయ నుంచి వచ్చే పీఎల్‌జీఎఫ్ అనే ప్రొటీన్‌ను కూడా కొలుస్తారు. అది బాగా తగ్గితే మాయ సరిగ్గా పనిచేయడం లేదని అనుమానించాలి. ఆ పరీక్ష కొండెక్కేదాకా బీపీ మిషన్, మూత్రం పట్టీ ఆగక్కర్లేదు కదా!

మన దారి సంగతి మీకు తెలుసు. ముందు డోలీ, తర్వాత బండి, చింతపల్లి ఘాట్, నర్సీపట్నం, ఆపైన విశాఖ కేజీహెచ్. ఫిట్స్ వచ్చాక బయలుదేరితే అందుకోలేం. అందుకే మనకు ముందే తెలియాలి.

సీలేరు నీళ్లతో 240 మెగావాట్లు తీసే కేంద్రం కట్టారు. కరెంటు కిందికి పోవడానికి తీగలు వేశారు. మన తల్లుల రక్తం శాంపిల్ వెళ్లి, రిపోర్టు వెంటనే తిరిగొచ్చే ఏర్పాటు చేయలేరా?

మనం అడిగేవి నాలుగే.

ఒకటి, ప్రతి చెకప్‌లో బీపీ, మూత్రం, హిమోగ్లోబిన్ చూసి కార్డులో రాయాలి. సికిల్ సెల్ పరీక్ష కూడా చేయాలి, అది ఉన్న తల్లికి ఈ ముప్పు ఎక్కువ.

రెండు, గత కాన్పులో బీపీ వచ్చినవాళ్లను మూడో నెలలోనే డాక్టర్‌కు చూపించాలి. చిన్న డోసు ఆస్పిరిన్ ఇవ్వాలో లేదో డాక్టరే చెప్పాలి, సొంతంగా మింగొద్దు.

మూడు, ఫిట్స్ వచ్చినా, బీపీ 160/110 చేరి తలనొప్పి, చూపు మసక ఉన్నా, పెద్దాసుపత్రికి పంపేముందే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు, బీపీ మందు ఇవ్వాలి.

నాలుగు, ప్రమాదం ఉన్న తల్లిని నెలలు నిండకముందే గర్భిణుల వసతి గృహానికి చేర్చాలి.

ప్రతి నెల 9న గర్భిణులకు డాక్టర్ పరీక్షలు ఉచితంగా చేయాలని 2016 నుంచి కేంద్ర పథకమే ఉంది. మనం అడిగేది దయ కాదు.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రాత్రి మీ ఇంట్లో, పక్కింట్లో కార్డు తీసి చూడండి. బీపీ గడి ఖాళీగా ఉంటే రేపే ఆశ అక్కతో కలిసి వెళ్లి అడగండి. ఆ అక్క మీద అరవకండి, ఆమె కూడా మన బిడ్డే. మిషన్ లేకపోతే మిషన్ కోసం అందరం కలిసి అడుగుదాం.

జై ఆదివాసీ!