ఆగి ఆగి నడచు పాత కారు



సూరతు రింగ్ రోడ్డుపై, బట్టల మార్కెట్ల నడుమ, వేసవి మధ్యాహ్నమున కార్బ్యురేటరు గల పాత కారు హఠాత్తుగా ఆగిపోవును. కొంతసేపటికి మరల కదలును. వెనుక లారీ, లోపల పిల్లలు! బండిని పక్కకు తీసి, లక్షణమును బట్టి కారణమును వెదకవలెను. తొందరపడి పంపు మార్చుట వృథావ్యయము.

పెట్రోలు గొట్టములను కదపక మునుపే స్పార్కు చూడవలెను. కాయిలు వేడెక్కినను ఇట్లే ఆగును. టాంకు మూత తీసినంతనే గాలి లోనికి పీల్చుకొన్న చప్పుడై బండి నడచినచో, మూతలోని గాలిరంధ్రము పూడినదన్నమాట. పంపుపై తడిగుడ్డ వేసి చల్లార్చగా నడచినచో, పెట్రోలు వేడికి ఆవిరియై అడ్డుపడినదని భావింపవచ్చును. వేగము పెంచినపుడే ఆగినచో ఫిల్టరును, టాంకులోని తుప్పును పరీక్షింపవలెను. దరిదాపుల నిప్పు ఉండరాదు.

రోగమెరిగి చేసినదే వైద్యము, బండికైనను అంతే.