ఎన్నికల మంత్రాంగము



గడచిన యెన్నికల పిమ్మట నొక సాయంకాలము గోరంట్ల రచ్చకట్టపై కూర్చుండియుండగా ఒక వృద్ధ రైతు నన్నిట్లడిగెను: "అయ్యవారూ, 2019లో మన వోటు మనము వేసితిమా, ఆ బీహారాయన వేయించెనా?" అందఱును నవ్విరి. ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు.

ఆ బీహారాయన ప్రశాంత్ కిశోర్. ఐక్యరాజ్య సమితి పక్షమున ప్రజారోగ్య కార్యములు చేసి, పిదప 2012లో గుజరాతునందును, 2014లో దేశమంతటను నరేంద్ర మోడీకి ప్రచారవ్యూహము పన్నినవాడు. మఱుసటి యేడే బీహారులో ఆ మోడీ పక్షము నెదిరించిన నితీశ్ కుమారునకు తోడై గెలిపించెను. 2017లో పంజాబున గెలిచిన కాంగ్రెసునకును, ఉత్తరప్రదేశమున నోడిన కాంగ్రెసునకును ఆయనయే యాలోచన చెప్పెను. 2016లో అచ్చట దేవరియా సభకు వేసిన మంచములను జనులు సభ ముగియగానే మోసికొనిపోయిరి. వోటు మాత్రము తమకు తోచినచోట వేసిరి!

మన ఆంధ్రమున 2017 జూలైలో జగన్మోహనరెడ్డిగారు తమ పక్ష మహాసభలో ఆయనను పరిచయము చేసిరి. ఆ నవంబరు 6న ఇడుపులపాయలో మొదలైన పాదయాత్ర 3,648 కిలోమీటర్లు సాగి 2019 జనవరి 9న ఇచ్ఛాపురమున ముగిసెను. నడచినవి నాయకుని కాళ్లే. నియోజకవర్గముల లెక్కలు కట్టుటకు, జనుల మనసు కనిపెట్టుటకు కిశోర్ సంస్థయైన ఐప్యాక్ యువకులు తోడైరి. చంద్రబాబునాయుడుగారు ఆయనను బందిపోటని నిందించిరి. ఫలితము: 175 స్థానములలో 151. ఉమ్మడి అనంతపురము జిల్లాలో 14కు 12. హిందూపురము, ఉరవకొండ మాత్రము లొంగలేదు. వ్యూహమే సర్వమైనచో మన ప్రక్కనే అది యేల పాఱలేదు?

పెనుకొండలో తిమ్మరుసును బంధించిరని చెప్పుచోటును నేటికిని చూపుదురు. ఆ కథలో నిజమెంతయైనను, నాటి మంత్రికి రాజు చేటు తన చేటు. నేటి వ్యూహకర్త కూలి పుచ్చుకొని మఱియొక రాజ్యమునకు పోవును. ఒక యెన్నికకు సలహా చెప్పిన నూరు కోట్లకు మించి పుచ్చుకొందునని కిశోర్ తానే 2024లో చెప్పెను. కూలి పుచ్చుకొనుట తప్పని నేననను. నా చింత వేఱు. పూర్వము పక్షమువారు ఊరి పెద్దల నడిగి మన కష్టము తెలిసికొనెడివారు. మాట తప్పినచో ఆ పెద్దనే రచ్చకట్టపై నిలదీసెడివారము. నేడు చెఱువు పేరెఱుగని యువకుడు ఫోనులో పది ప్రశ్నలడుగును. ఆ జవాబులనుండియే వాగ్దానములు పుట్టును. అవి తప్పిన నెవరిని పట్టుకొందుము? ఐనను ఒక సత్యము నొప్పుకొనవలెను: మనము పెద్దలమై యున్ననాడు కూలి ఆడుదాని యభిప్రాయ మెన్నడు నడుగలేదు. ఆ యువకు డడిగెను.

2021 మే నెలలో బెంగాలు, తమిళనాడు ఫలితములు వచ్చిననాడు కిశోర్ ఈ వృత్తి మానుచున్నానని ప్రకటించెను. 2023 డిసెంబరులో తనను నిందించిన చంద్రబాబుగారి యింటికే వెళ్లి మాటాడెను! ఐప్యాక్ మాత్రము జగన్ పక్షముననే నిలిచెను. 2024 మే నెలలో విజయవాడలోని ఆ సంస్థ కార్యాలయమునకు వచ్చి, ఈసారి 151కి మించునని జగన్‌గారు చెప్పిరి. వచ్చినవి 11. ఉమ్మడి అనంతపురమున ఒక్కటియు లేదు. తెలుగుదేశము వెనుకను వేఱొక వ్యూహకర్త లుండిరను మాటయు మఱువరాదు. సంస్థ యదియే, లెక్కలవియే. మాఱినది మన మనసు.

కిశోర్ 2022 అక్టోబరు 2న చంపారణ్యమునుండి తానే కాలినడకన బయలుదేరి, 2024లో అదే తేదీన జన సురాజ్ పక్షము స్థాపించెను. 2025 నవంబరులో బీహారున 238 స్థానములలో అభ్యర్థులను నిలిపెను, తాను నిలువలేదు. ఒక్కరును గెలువలేదు.

ఇదంతయు ఆ వృద్ధునకు చెప్పితిని. అతడు తలగుడ్డ సవరించుకొని, "అయ్యో, ఆయనకు ఉపాయము చెప్పువాడొక్కడు దొరకలేదా అయ్యవారూ?" అనెను.