మా ఇంటి వంశవృక్షం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఇంట్లో ఎన్నో ఏళ్ళు తలుపులు వేసుకుని మాట్లాడుకున్న సంగతి ఒకటి ఈ రోజు మీ ముందు పెడుతున్నాము. చెప్పమన్నది మా తమ్ముడే. ఇక్కడే మూడో వరుసలో కూర్చున్నాడు.

మా దాదా కొన్ని నెలలు రాత్రింబవళ్ళు నిద్ర లేకుండా తిరుగుతూ, చేతిలో ఉన్న డబ్బంతా పంచిపెట్టేవారట. ఆ తరువాత నెలల తరబడి మంచం దిగేవారు కారట. మా చిన్న చాచాకు అదే వచ్చింది. ఇరవై రెండో ఏట తమ్ముడికీ అదే. గాలి సోకిందన్నారు. దువాలు చేయించాము, తావీజు కట్టించాము. చివరకు డాక్టరు గారు జబ్బు పేరు చెప్పారు: బైపోలార్ డిజార్డర్. లిథియం మాత్రలు మొదలుపెట్టాక, రక్తపరీక్షలు మానకుండా చేయించుకుంటూ, తమ్ముడు మళ్ళీ దుకాణంలో కూర్చుంటున్నాడు. ఉన్మాద దశలో ఈ మందు పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించారు. నేటికీ వాడుతున్నారు.

ఒకే కుటుంబంలో ఒకరికి మించి మానసిక వ్యాధి ఉన్న ఇళ్ళను పరిశీలించే పని 2016లో బెంగుళూరు నిమ్‌హాన్స్ మరి రెండు సంస్థలతో కలిసి మొదలుపెట్టింది. అటువంటి ఒక పరిశోధనలో చేరతారా అని మమ్మల్ని అడిగారు.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. "పిల్లకు సంబంధాలు చూస్తున్నాం. ఈ కాగితం ఎవరి కంటబడినా దాని గతేం కాను?" అన్నారు మా ఫుప్పీ. "మీ తమ్ముడి పెళ్ళి దాచే చేశాం కదా, ఆ వచ్చిన పిల్ల ఎంత ఏడ్చిందో మరిచారా?" అన్నది అమ్మీ. ఇద్దరి మాటా నిజమే.

డాక్టరు గారు ఓపికగా చెప్పారు. పేర్లకు బదులు నంబర్లు వేస్తారు. ఎవరి సంతకం వారిదే. ఎప్పుడైనా మానుకోవచ్చు, వైద్యం ఆగదు. జబ్బు లేనివారి రక్తం కూడా కావాలి, పోల్చి చూడటానికి. మూడు తరాల వంశవృక్షం గీశారు: మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బున్నవారికి నలుపు. ఫుప్పీ సంతకం చేయలేదు. ఆమె నుండి రక్తం అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు.

దీనివల్ల మాకేమి వచ్చిందని అడుగుతారేమో. రిపోర్టు రాలేదు, తమ్ముడికి ఒక్క మాత్ర తగ్గలేదు. ఇది నిదానంగా సాగే పని. అమెరికాలో పెన్సిల్వేనియా ఆమిష్ కుటుంబాలలో 1976 నుండి ఇదే పరిశోధన జరిగింది. 11వ క్రోమోజోములో కారణం ఉన్నదని 1987లో ప్రకటించారు. మరికొందరు బంధువులను పరీక్షించాక ఆ మాట నిలవలేదని 1989లో వారే ఒప్పుకున్నారు. ఒక్క జన్యువు చేసే పని కాదిది. లక్షన్నరకు పైగా రోగుల వివరాలు పోల్చి, 298 చోట్ల తేడాలు ఉన్నాయని 2025లో వెల్లడించారు. వారిలో ఎందరో ఎక్కడో ఒకచోట సంతకం చేసినవారే.

ఒక లెక్క మాత్రం మాకు ధైర్యమిచ్చింది. ఈ జబ్బు సుమారు నూటికి ఒకరికి వస్తుంది. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉంటే నూటికి ఐదు నుండి పదిమందికి. అంటే తొంభైమందికి రాదన్నమాట. రక్తంలో ఉన్నంత మాత్రాన రాసిపెట్టినట్టు కాదు.

ఫుప్పీ ఈనాటికీ సంతకం చేయలేదు. కాని పోయిన ఏడు వియ్యాలవారు వచ్చినప్పుడు అన్నీ ముందే చెప్పింది ఆమే. ఒక సంబంధం వెళ్ళిపోయింది. రెండోవారు, "మా ఇంట్లోనూ ఒకరున్నారు" అన్నారు. నికా జరిగింది. ఈ మాట సభలో చెప్పమని ఆమే అనుమతిచ్చారు.

పరిశోధనలో చేరండని మేము ఎవరినీ ఒత్తిడి చేయము. ఇంట్లో ఎవరైనా రాత్రుళ్ళు నిద్రపోకుండా, తెగ ఖర్చు చేస్తూ, మాటలు ఆపకుండా ఉంటే దాచకండి. ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416, ఉచితం. సంఘం సాయం చేసే పద్దుల్లో ఈ మందుల ఖర్చు కూడా చేర్చమని కార్యవర్గానికి మా మనవి.

సెలవు.