విమానాలు దిగిన చేను
(అమ్వాజ్‌లో జరిగిన ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణం విని, పిల్లల నాట్యం చూసి సంతోషంగా వున్న సభకు భూమి తగాదాల కబుర్లు రుచించకపోవచ్చు. అయితే కార్యదర్శిగారు "మీ ఊరి సంగతేదైనా చెప్పండి" అన్నారు. మా ఊరి సంగతి అనగానే నాకు ముందు గుర్తుకొచ్చేది మా తాతగారి చేను. ఆ చేను వెనుకనే విమానం గుర్తుకొస్తుంది. ఆ రెంటికీ ఏమి సంబంధమో మనవి చేస్తాను.

మనం కూర్చున్న ఈ అమ్వాజ్ ఈ శతాబ్దం మొదట్లో సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. అమ్వాజ్ అంటే అరబ్బీలో అలలు. పక్కనే ముహరక్‌లో విమానాశ్రయం. 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు ఇండియాకు పోతూ ఇక్కడ ఆగడం మొదలుపెట్టాయి. యుద్ధం వచ్చింది. 1940 అక్టోబరు 19న ఇటలీ విమానాలు ఇక్కడి చమురు శుద్ధి కర్మాగారం మీద బాంబులు వేశాయి. యుద్ధకాలంలోనే ఇది రాయల్ ఎయిర్ ఫోర్సు స్థావరం అయింది. 1971లో బ్రిటిషువారు వెళ్ళేదాకా వారి చేతిలోనే వుంది. మనలో చాలామంది పెట్టె పట్టుకొని మొదట అడుగుపెట్టింది అక్కడే.

అదే యుద్ధం మన ఆంధ్ర తీరానికీ వచ్చింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. మార్చి 8న రంగూను పోయింది. బర్మాలో బతుకుతున్న మనవాళ్ళు వేలాదిగా కొండలు, అడవులు పడి నడిచి వచ్చారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. ప్రభుత్వానికి ఒక్కసారిగా విమానాలు దిగే మైదానాలు కావలసివచ్చాయి. దేశమంతటా వాటిని కట్టే పని మొదలైంది. మన జిల్లాలలో గన్నవరం, తాడేపల్లిగూడెం, దొనకొండ వంటిచోట్ల సిమెంటు బాటలు లేచాయి. తాడేపల్లిగూడెం మద్రాసు-కలకత్తా రైలు మార్గం మీద వుంది. డెల్టా పల్లం అయిపోయి మెట్ట మొదలయ్యే చోటు. నీరు నిలవదు, నేల గట్టిది, సామాను రైలులో దిగుతుంది. విమానాలకు ఏది మంచి నేలో, జొన్నకూ వేరుశనగకూ అదే మంచి నేల. చిక్కంతా అక్కడే వచ్చింది.

యుద్ధం ప్రకటించిన నెలలోనే, 1939 సెప్టెంబరులో, భారత రక్షణ చట్టం వచ్చింది. దానికింద చేసిన నిబంధనలలో 75-ఏ అనేదొకటి. సర్కారుకు అవసరమని తోస్తే ఏ స్థిరాస్తినైనా ఉత్తరువుతో స్వాధీనం చేసుకోవచ్చు. దేవుడిని కొలిచే చోట్లను మాత్రం ముట్టరాదు. ముందు వాడుకకు తీసుకొని, తరువాత అక్కరైతే మరొక నోటీసుతో పూర్తిగా సొంతం చేసుకోవచ్చు. మామూలు రోజులలో 1894 నాటి భూసేకరణ చట్టం వుండేది. అందులో అభ్యంతరం చెప్పుకొనేందుకు వ్యవధి వుండేది. బలవంతాన తీసుకొంటున్నందుకు ధర మీద నూటికి పదిహేను అదనంగా ఇచ్చేవారు. యుద్ధపు చట్టంలో ఆ పదిహేను లేదు. నష్టపరిహారం ఒప్పుదలతో తేలాలి, తేలకపోతే మధ్యవర్తి నిర్ణయించాలి, ఆపైన హైకోర్టుకు పోవచ్చు. కాగితం మీద బాగానే వుంది. ఇంగ్లీషు రాని రైతు, ఎడ్లబండి తప్ప వాహనం లేని రైతు, మద్రాసు హైకోర్టుకు ఎలా పోతాడు?

మా తాతగారిది ఆ మెట్ట ప్రాంతమే. నాలుగెకరాల చిల్లర చేను, గట్టున రెండు మామిడిచెట్లు, ఒక నుయ్యి. మా నాన్నగారికి అప్పుడు పన్నెండేళ్ళు. ఆయన చెప్పిన ప్రకారం ముందు సర్వేయరు గొలుసు లాక్కుంటూ వచ్చాడు. తరువాత తలారి దండోరా వేశాడు. తరువాత కరణంగారు ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చొని, మంచినీళ్ళు తాగి, "సర్కారు పని, మన చేతిలో ఏమీ లేదు" అన్నారట. చేలో వేరుశనగ ఇంకా ఊడలు దిగుతోంది. పంట తీసుకొనేదాకా ఆగమని అడిగారు. ఆగలేదు. మామిడిచెట్లు కొట్టేసిన రోజు మా నాయనమ్మ అన్నం ముట్టలేదట. నుయ్యిని మట్టితో పూడ్చారు. డబ్బు వచ్చేసరికి యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాయి. అప్పటి ధర చొప్పున వచ్చిన ఆ సొమ్ముతో, పెరిగిపోయిన ధరలకు, అందులో సగం చేనైనా రాలేదు.

ఈ కథ మా ఇంట్లో ప్రతి పెళ్ళికీ, ప్రతి తద్దినానికీ చెప్పుకొనేవాళ్ళం. మేము నష్టపోయినవాళ్ళం, సర్కారు తీసుకొన్నది. అంతే కథ. నేనూ నా పిల్లలకు అలాగే చెప్పాను.

మా నాన్నగారు పోయే ముందు సంవత్సరం నేను ఇక్కడినుంచి సెలవుకు వెళ్ళాను. ఒక సాయంత్రం ఆయన తనంతట తాను అన్నారు: "ఒరే అబ్బాయ్, ఆ చేలో ఎకరంన్నర మనం దున్నింది కాదురా. కౌలుకిచ్చాం." కౌలుదారు ఒకాయన, భార్య, ముగ్గురు పిల్లలు, గట్టు మీదనే పాక వేసుకొని వుండేవారట. చేను పోయిన రోజున వారి పాకా పోయింది. పట్టాలో పేరు లేదు గనుక ఏ కాగితంలోనూ వారి పేరు రాలేదు. డబ్బు మా తాతగారికి వచ్చింది. ఆయన అందులో ఒక్క రూపాయి కూడా ఆ మనిషికి పంపలేదు. పల్లానికి కూలికి పోయారని మాత్రం తెలుసు. "ఆ పాప పుణ్యాలు నాకు తెలియవు గాని, వేరుశనగ విత్తింది ఆయన చేతులు" అన్నారు నాన్నగారు.

నేను ఆ రాత్రి నిద్రపోలేదు. అరవై ఏళ్ళుగా మేము చెప్పుకొన్న కథలో ఒక కుటుంబం మొత్తం లేదు. సర్కారు మమ్మల్ని లెక్కలో ఒక సర్వే నెంబరుగా చూసిందని మేము బాధపడ్డాం. మేము వారిని ఆ మాత్రంగానైనా చూడలేదు.

యుద్ధంలో విమానాశ్రయం అక్కరలేదని నేననను. బాంబులు పడుతున్నప్పుడు ఎవరి చేను అని చర్చించే తీరిక ఎవరికీ వుండదు. అయితే తొందర తీసుకొనేటప్పుడే గాని, ఇచ్చేటప్పుడు కనబడదు. యుద్ధం ముగిసినా నేల మాత్రం వెనక్కు రాదు. రక్షణ చట్టం గడువు 1946 సెప్టెంబరు 30తో తీరింది. దానికి ముందే ఆర్డినెన్సు, ఆ వెనుక 1947లో ఒక చట్టం, 1952లో మరొకటి వచ్చి సర్కారు పట్టు సడలకుండా చూశాయి.

ఈ మాట మన ఒక్క దేశానిదే కాదు. ఫిజీలో మనవాళ్ళు 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు కూలీలుగా వెళ్ళారు. అక్కడి నాందీ విమానాశ్రయం కూడా ఆ యుద్ధంలోనే చెరకు సీమ నడుమ పెరిగింది. పట్టా లేని రైతుకు ఏ దేశంలోనైనా తలరాత ఒకటే.

కొంత మారింది, కాదనను. నూటికి పదిహేను 1984లో ముప్పై అయింది. 2013 చట్టంలో నూటికి నూరు అయింది. అంతకంటె పెద్ద మార్పు మరొకటి వుంది. ఆ భూమి మీద బతికే కౌలుదారు, కూలి, చేతివృత్తివాడు కూడా నష్టపోయిన కుటుంబమేనని ఆ చట్టం ఒప్పుకొన్నది. మా తాతగారి కాలంలో ఆ మాట వుంటే ఆ పాకవాళ్ళ పేరు ఒక్క కాగితంలోనైనా మిగిలేది.

గన్నవరం బాట పెద్ద విమానాశ్రయమైంది. మళ్ళీ రైతుల భూములు కలిశాయి. తాడేపల్లిగూడెంలోనూ విమానాశ్రయం పెట్టాలని 2024లో ప్రతిపాదన వచ్చింది. రావచ్చు, రానీయండి. మన పిల్లలు ఊరికి సుఖంగా వెళతారు. అయితే ఆ వార్త రాగానే మా బంధువుల దగ్గరనుంచి నాకు ఫోన్లు వచ్చాయి. అందరూ ధర ఎంత పలుకుతుందనే అడిగారు. దున్నుతున్నవాళ్ళ సంగతి ఒక్కరూ అడగలేదు. మన భూములు ఇప్పుడు దున్నుతున్నది ఎవరు? మనం ఇక్కడ, చేను అక్కడ. మనలో చాలామందిమి ఈనాటి పట్టాదారులం, అక్కడ ఒకరు ఈనాటి కౌలుదారు.

కనుక రెండు చిన్న విన్నపాలు. ఊళ్ళో భూమి వున్నవారు పాసు పుస్తకంతోపాటు, దానిని ఎవరు ఎన్నాళ్ళుగా సాగు చేస్తున్నారో ఒక కాగితం మీద పేరుతో సహా రాసి పెట్టండి. రేపు ఏ సర్కారు నోటీసు వచ్చినా ఆ కాగితం కూడా బల్ల మీద పెట్టండి. పిల్లలారా, మీరు సెలవులకు వెళ్ళినప్పుడు తాతగారిని, అమ్మమ్మను ఒక మాట అడగండి: మన చేలో మనతోపాటు ఇంకెవరు వుండేవారు అని.

ఆ కౌలుదారు మనుమలు ఎక్కడున్నారో నేను వెదికాను, దొరకలేదు. వారి బాకీ ఇలా నలుగురిలో చెప్పుకొని కొంత దించుకొంటున్నాను.