పాతకోటకు క్రొత్త కొలువు

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. భారతమును, ప్రబంధములను దీపము ముందు నాకు నేనే చదువుకొన్నవాడను. కట్టడముల శాస్త్రము నెరుగను. అయినను మన పాతకోట ద్వారపు గదులను బాగుచేసి గ్రంథాలయము నచటికి మార్చవలెనను మాట పుట్టినది గనుక, నాలుగు ముక్కలు విన్నవించెదను.

చంద్రగిరి మీలో పెక్కుమంది చూచియుందురు. 1565లో రాక్షసి తంగడి యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర ప్రభువులు పెనుగొండకును, తరువాత చంద్రగిరికిని తరలిరి. అచటి రాజమహలు మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నము తప్ప అందు కొయ్య లేదు. నేడది పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల. విగ్రహములకు కావలసినది నీడ, గాలి, చూచువారు నడచుటకు త్రోవ. ఆ మేడలో అవి ముందే యున్నవి. ఇట్టి కొలువు మేడకు బరువు కాదు.

ఢిల్లీ ఎర్రకోట కథ వేరు. 1857 తరువాత ఆంగ్లేయులు లోపలి మందిరములు పెక్కింటిని పడగొట్టి సైనికులకు బారకులు కట్టిరి. 2003లో మన సైన్యము కోటను విడిచినది. 2019లో ఆ బారకులలోనే ప్రదర్శనశాలలు వెలసినవి. మంచిదే. పోయిన మందిరములు మాత్రము తిరిగి రాలేదు.

మన ద్వారమునకు సిమెంటు పూసిన చాలునని కొందరనుచున్నారు. వలదు. సున్నపు గోడ తేమను పీల్చి విడుచును. పైన సిమెంటు మెత్తినచో తేమ లోననే నిలిచి, ఉప్పు పేరుకొని, ఇటుక పెచ్చులూడును. అట్టి గదిలో పుస్తకము లేమగునో చెప్పనక్కరలేదు. పుస్తకముల బరువు తక్కువది కాదు. కావున బీరువాలు మేడగదిలో గాక క్రిందనే, గోడకు జానెడెడముగా, మేకులు కొట్టక నిలుపవలెను. రేపు తీసివేసినను గోడపై గుర్తు మిగులరాదు.

అన్నిటికంటె ముందు రెండు పనులు. ఆ ద్వారము 1958 చట్టము క్రిందనో, రాష్ట్ర చట్టము క్రిందనో రక్షిత కట్టడమా యని విచారింపవలెను. అయినచో అనుమతి లేనిదే తాపీ ముట్టరాదు. పిదప ఉన్నది ఉన్నట్లు కొలిచి, ఛాయాచిత్రములు తీసి, ఏ రాయి ఎచటికి పోయినదో చిట్టా కట్టవలెను.

ఆ చిట్టాలో మొదటి పద్దు నాదే. మా పెరటిలో బట్టలుతుకు రాయి మా తాతగారి నాడు కోటనుండి బండిపై వచ్చినది. అడుగున పద్మము చెక్కియున్నది. ఇంటిలో ఇంకను చెప్పలేదు గాని, వచ్చు ఆదివారము బండి పంపుడు. ఎత్తుటకు నలుగురు కావలెను.