కబురు ఎవరి దారిన నడుస్తుంది?



జీడితోటలో చీమల బారు మీరంతా చూసినదే, కుట్టించుకున్నదే. ముందు నడిచిన చీమ దారిలో వాసన వదులుతుంది. వెనకొచ్చేది తన వాసన కలుపుతుంది. పదిమంది నడిచిన దారి గట్టిపడుతుంది, నడవనిది చెరిగిపోతుంది. పైనుంచి ఆజ్ఞలిచ్చే పెద్ద ఎవరూ ఉండరు.

మన సంగతీ దాదాపు అంతే. దగ్గరివాళ్లకు మనకు తెలిసిందే తెలుస్తుంది, కొత్త కబురు ఎక్కువగా ముఖపరిచయం ఉన్నవాళ్లే తెస్తారని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాశాడు. మన ఊళ్లలో ఆ పరిచయస్తులెవరు? పొరుగూరి నుంచి వచ్చిన కోడలు, గంపతో తిరిగే చేపలామె. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా పోరు అక్షరాస్యత తరగతుల వెంటే ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది.

ఇప్పుడు కబురు ఫోన్లో నడుస్తోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతమే. వాట్సాప్‌లో ఊరంతా ఉందంటారే, ఆ ఊళ్లో మనం లేం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు ఫోన్లు మూగబోయాయి. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఎవరి బియ్యం తడిశాయో కుళాయి దగ్గర ఆడవాళ్లకే తెలుసు. మా వీధిలో సాయం జాబితా రాయడానికొచ్చినవాళ్లు మాత్రం అరుగుమీద మగవాళ్లనడిగి వెళ్లారు. ఒంటరిగా బతికే ముగ్గురి పేర్లు అందులో లేవు. మేం వెంటపడి రాయించాం.

ఇంటికెళ్లి చూడండి. మీ బ్యాంకు ఖాతాకూ, ఉపాధి కార్డుకూ ఇచ్చిన నెంబరు ఎవరిది?